క్యాంపర్ లాగడానికి డీజిలా, గ్యాసా? ఏడాదికి ఐదారు ట్రిప్పులే

ఫ్రిస్కో ఫణి
అందరికీ నమస్తే. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ట్రావెల్ ట్రెయిలర్ (క్యాంపర్) తీసుకున్నాం. 26 అడుగులు, ఖాళీ బరువు 5,400 పౌండ్లు, సామానుతో గరిష్ఠం 7,000. మా మినీవ్యాన్ వల్ల కాదు కాబట్టి ట్రక్కు కొనక తప్పదు. ట్రిప్పులు ఎక్కువగా టెక్సస్‌లోనే. కానీ జూలైలో అత్తయ్య, మామయ్య వస్తున్నారు, ఆరుగురం కలిసి కొలరాడో వెళ్ళాలని ప్లాన్. మామూలు రోజుల్లో ఆఫీసుకి నాలుగు మైళ్ళు, అదీ వారానికి రెండు రోజులే.

చూసినవి రెండు. కొత్త ఫోర్డ్ ఎఫ్-150, 3.5 లీటర్ల టర్బో గ్యాస్ ఇంజన్. లేదా 90 వేల మైళ్ళు తిరిగిన ఎఫ్-250 డీజిల్. ధర ఇంచుమించు ఒకటే.
1) ఏది తీసుకోవాలి?
2) 90 వేల మైళ్ళ డీజిల్‌లో ఏమేం చూసుకోవాలి?
3) మా గ్యారేజీ లోపలి పొడవు సరిగ్గా 20 అడుగులు. నాలుగు తలుపుల ట్రక్కు ఎవరైనా పట్టించారా?

టార్క్ తాత
డీజిల్. ఇందులో చర్చించడానికి ఏముంది? 22 ఏళ్ళుగా ఈ దేశంలో లాగుతున్నాను, నాలుగు డీజిళ్ళు మార్చాను. 1,050 పౌండ్ ఫీట్ల టార్క్, అదీ ఇంజన్ నిమిషానికి 2,000 తిరుగుళ్ళు దాటకముందే. వెనక ట్రెయిలర్ ఉందన్న సంగతే మర్చిపోతావు. గ్యాస్ కొన్నవాళ్ళంతా రెండేళ్ళలో అమ్ముకుని డీజిల్‌కే వచ్చారు, నా కళ్ళతో చూశాను.

బెజవాడ బ్యాచ్
గ్యాస్ ట్రక్కు అంటే సీఎన్‌జీనా అన్నా? మా దగ్గర ఆటోలకే బంకు దగ్గర అరగంట లైను. ట్రక్కుకి సిలిండర్ ఎక్కడ పెడతారు?

డీపీఎఫ్ బాధితుడు
బెజవాడ తమ్ముడూ, ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. గ్యాసొలీన్‌ని కుదించారు.

ఫణిగారూ, వారానికి రెండు రోజులు, నాలుగు మైళ్ళు అన్నారు చూడండి, అక్కడే నా గుండె ఆగింది. నాదీ అదే కథ. ఇల్లు, కాస్ట్‌కో, గుడి, పిల్లల స్విమ్మింగు. ఏదీ ఐదు మైళ్ళు దాటదు. డీజిల్ పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక ఆ మసిని కాల్చుకోవాలంటే బండి వేడెక్కి, హైవే మీద ఓ ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా పోవాలి. నేను ప్రతిసారీ సగంలో ఆపేవాణ్ణి, దాన్ని సగంలో ఆపుతున్నానని కూడా తెలియకుండా. చివరికి దీపం వెలిగింది, బండి నీరసించింది, వారంటీ దాటాక ఫిల్టరుకి 4,200 డాలర్లు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న ఖాళీ ట్రక్కేసుకుని హైవే మీద ఊరికే నలభై మైళ్ళు తిరిగొస్తాను. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళినట్టు.

టార్క్ తాత
ఆ ఫిల్టరు పీకించి పారేస్తే పీడా పోతుంది. నాకు తెలిసిన షాపు ఒకటి

మోడరేటర్
పై పోస్టులో మిగతాది తీసేశాను. ఆ ఫిల్టరు తీసేయడం ఇక్కడ ఫెడరల్ చట్టానికి విరుద్ధం, క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద పర్యావరణ సంస్థ ఈపీఏ జరిమానాలు వేస్తుంది. ఫిల్టరు డిలీట్ గురించి రాస్తే డిలీట్ చేస్తాను.

ఎక్సెల్ ఏడుకొండలు
ఎవరూ లెక్క వెయ్యట్లేదు కాబట్టి నేనే వేస్తున్నాను. పోలిక సమానంగా ఉండాలని రెండూ కొత్త త్రీ క్వార్టర్ టన్ (ముప్పావు టన్ను, అంటే ఎఫ్-250 తరగతి) బండ్లే అనుకున్నాను.

ఏడాదికి లాగేది 3,000 మైళ్ళు, ఖాళీగా 5,000. పెట్రోలు గ్యాలన్ 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకుందాం. లాగేటప్పుడు పెట్రోలు బండి గ్యాలన్‌కి 9 మైళ్ళు, డీజిల్ 12. అంటే పెట్రోలుకి 1,000 డాలర్లు, డీజిల్‌కి 900. ఖాళీగా ఒకటి 15, ఇంకోటి 18. రెండిటికీ దగ్గర దగ్గర 1,000. మొత్తం మీద డీజిల్ వల్ల మిగిలేది ఏడాదికి వంద. డీజిల్ ఇంజన్‌కి ఎక్కువ కట్టేది సుమారు పది వేలు. అది తిరిగి రావాలంటే ఆ ట్రక్కుని నిండు నూరేళ్ళు నడపాలి.

ఇందులో డీఈఎఫ్ ద్రవం (పొగని శుభ్రం చేయడానికి డీజిల్ బండిలో విడిగా పోసేది), ఫ్యూయల్ ఫిల్టర్లు, 13 క్వార్టుల ఆయిల్ మార్పిడి కలపలేదు.

టార్క్ తాత
రీసేల్ ఎక్కడ పోయింది నీ ఎక్సెల్‌లో? డీజిల్ అమ్మితే ఆ పది వేలల్లో సగం తిరిగొస్తుంది.

ఎక్సెల్ ఏడుకొండలు
సరే, యాభై ఏళ్ళు.

అరోరా అక్క
కొలరాడో అన్నారు కాబట్టి చెప్తున్నాను, మేం ఉండేది ఇక్కడే. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టనెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంటుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. అంటే అక్కడికి వెళ్ళేసరికి మూడో వంతు మాయం. మాది 6.2 వీ8, టర్బో లేదు. ట్రెయిలర్‌తో కుడి లేనులో గంటకి నలభై మైళ్ళకి పడిపోతాం, ఇంజన్ 4,500 తిరుగుళ్ళ మీద అరుస్తుంది. మొదటిసారి మా వారు ఇంజన్ పగిలిపోతుందని భయపడి ఆపేద్దామన్నారు. ఏం కాదు, అది అలా అరవడానికే తయారు చేశారు. తొమ్మిదేళ్ళుగా అరుస్తూనే ఉంది. ఫణిగారు చూసిన 3.5కి ఎలాగూ టర్బో ఉంది కాబట్టి ఎక్కడం గురించి బెంగ అక్కర్లేదు.

టార్క్ తాత
ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. దిగేటప్పుడు చూడాలి తమాషా. గ్యాస్ బండికి దిగుడులో దిక్కూ మొక్కూ లేదు. డీజిల్‌కి ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది, బటన్ నొక్కితే 7 శాతం వాలులో కాలు బ్రేకు మీద పెట్టకుండా దిగొచ్చు. గ్యాస్ వాళ్ళ బ్రేకుల కంపు నాకు మైలు దూరం నుంచే తెలుస్తుంది.

అరోరా అక్క
దిక్కూ మొక్కూ లేకపోవడం ఏమిటండీ? టో హాల్ (బరువు లాగేటప్పటి మోడ్) బటన్ నొక్కి, పైనున్నప్పుడే వేగం తగ్గించి, బ్రేకు ఒకసారి తాకితే గేరు తనే కిందికి దిగుతుంది. పెట్రోలు ఇంజన్‌లో థ్రాటిల్ మూసుకుంటే గాలి అందక ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ అలా గాలిని మూసి నడిచేది కాదు. స్వతహాగా దానికి పట్టు తక్కువ, అందుకే టర్బోతో పొగ దారి మూసి ఆ బ్రేకు విడిగా పెట్టాల్సి వచ్చింది. పెట్టాక బాగా పట్టుకుంటుంది, కాదనను.

టార్క్ తాత
అమ్మాయ్, నాకు ఇంజన్ పాఠాలు వద్దు. నువ్వు స్కూల్లో ఉన్నప్పటి నుంచీ లాగుతున్నాను.

అరోరా అక్క
నేను అమ్మాయినీ కాదు, మీరు నాకు తాతా కాదు. నాకు 51. ఈ టనెల్ ట్రెయిలర్‌తో ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. మీరుండేది హ్యూస్టన్ అని మీ పాత పోస్టుల్లోనే ఉంది. అక్కడ పెద్ద ఎత్తంటే ఫ్లైఓవరే కదా?

డీపీఎఫ్ బాధితుడు
😂😂

సూర్యాపేట సీను
మా బాపు ముప్పై ఏండ్లు లారీ తోలిండు. శ్రీశైలం ఘాట్ల నేను క్యాబిన్‌ల పక్కకు కూసునేటోన్ని. ఒక్కటే మాట చెప్పేటోడు: ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కినవో దిగేటప్పుడు గదే గేర్ల దిగాలె. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ చేసి దింపేటోళ్ళుంటరు, వాళ్ళ లారీలు లోయల కనవడుతుండె. బండి ఏదైనా గాని అన్నా, మనిషికి ఓపిక ఉండాలె. ఈడ బ్రేకులు పడని బండ్లు ఎక్కి ఆగెటందుకు రన్అవే ర్యాంపులన్న ఉన్నయి, మనకాడ ఏమున్నయి?

టార్క్ తాత
సీనూ, మీ బాపు తోలింది డీజిలే కదా? మరి?

సూర్యాపేట సీను
లారీ పెట్రోల్ల ఎట్ల వస్తది తాతా 🙏

బామ్మర్ది బాధ
టాపిక్ కాదు కానీ డీజిల్ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. మా బామ్మర్ది ఇండియా నుంచి వచ్చిన మూడో రోజు నా ట్రక్కులో పెట్రోలు నింపాడు. నిండా, 30 గ్యాలన్లు. నింపి, స్టార్ట్ చేసి, రెండు మైళ్ళు నడిపాడు కూడా. హై ప్రెషర్ పంపుకి డీజిలే కందెన. పెట్రోలు పడితే పంపు లోపల అరిగి, ఇనుప పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నీ మార్చారు. బిల్లు ఎంతో రాయను, మా ఆవిడ కూడా ఇక్కడ చదువుతుంది.

ఎక్సెల్ ఏడుకొండలు
అసలు ఎలా పట్టింది? గొట్టం సైజులు వేరు కదా, అది జరగని పని.

బామ్మర్ది బాధ
జరగని పని నా ఇంటి ముందు జరిగింది సార్. డీజిల్ గొట్టం లావు, అది పెట్రోలు ట్యాంకులో దూరదు. పెట్రోలు గొట్టం సన్నం, డీజిల్ మూతిలో సుఖంగా దూరుతుంది. కొన్ని బండ్లకి అడ్డు పెట్టారు, నా బండికి లేదు. పైగా డీజిల్ హ్యాండిల్ ఆకుపచ్చ అని వాడికి చెప్పి పంపాను. ఆ బంకులో పెట్రోలు హ్యాండిలే ఆకుపచ్చ!

షికాగో చలి
హ్యాండిల్ రంగు నమ్మకండి, పంపు మీద అక్షరాలు చదవండి. ఇంకోటి, డిసెంబరులో టెక్సస్‌లో ట్యాంకు నింపుకుని ఉత్తరాదికి రావద్దు. అక్కడి డీజిల్‌లో చలికాలపు మిశ్రమం ఉండదు. రాత్రికి మైనంలా గడ్డ కట్టి ఫిల్టరు మూసుకుంది మాకు. డీఈఎఫ్ కూడా 12 ఫారన్‌హీట్ దగ్గర గడ్డ కడుతుంది గానీ దానికి హీటరు ఉంటుంది, కంగారు లేదు.

తక్కెడ
ఇంజన్ గురించి కొట్టుకుంటున్నారు గానీ ఫణిగారి ఎఫ్-150 తలుపు తీసి పసుపు స్టిక్కరు చదివారా ఎవరైనా? మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటొద్దు అని రాసి ఉంటుంది. పెద్ద మోడళ్ళలో సన్‌రూఫ్, కరెంటు మెట్లు అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. 1,400 చూశాను నేను.

ఇప్పుడు చూడండి. 7,000 పౌండ్ల ట్రెయిలర్‌లో 13 శాతం హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద వాలుతుంది, అది 910. ఆ బరువుని ఇరుసులకి పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక వంద. ఆరుగురు మనుషులు, తక్కువలో తక్కువ 700. మొత్తం 1,710. ఇంకా కూలర్ పెట్టలేదు, అత్తగారి పచ్చళ్ళ జాడీలు పెట్టలేదు. డీలరు 12,000 పౌండ్లు లాగుతుందంటాడు, లాగుతుంది కూడా. మొయ్యలేదు. లాగడం వేరు, మొయ్యడం వేరు.

ఇంకో తమాషా. డీజిల్ ఇంజన్ వందల పౌండ్లు ఎక్కువ బరువు. ఆ బరువూ ఇదే కోటాలోంచి పోతుంది. ఒకే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కులో డీజిల్ తీసుకుంటే మొయ్యడానికి మిగిలేది తక్కువ. నా ఓటు 7.3 లీటర్ల గ్యాస్ ఇంజన్ ఉన్న ఎఫ్-250కి. కొన్నాక మొదటి ట్రిప్పు రోజు ట్రక్ స్టాపులో లారీలు తూచే క్యాట్ స్కేల్ ఎక్కించండి, కాగితం మీద నిజం తెలుస్తుంది.

టార్క్ తాత
7.3 టర్బో లేనిదే కదా. ఇందాక అక్కగారే చెప్పారు మూడో వంతు పోతుందని.

అరోరా అక్క
430 గుర్రాల్లో మూడో వంతు పోయినా 280 పైనే ఉంటాయి. ఐదారు ట్రిప్పుల్లో కొండ ఎక్కేది ఒక్కటి. నలభైలో ఎక్కుతాడు. ఏమైంది? కుర్రాడు సినిమాకి ఆలస్యమైపోతాడా?

నెల్లూరు నేతి దోసె
ట్రక్కు సంగతి తెలియదు గానీ ట్రెయిలర్ వాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నా. 30 యాంప్ కరెంటున్న క్యాంప్ సైటులో ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పెడితే బ్రేకర్ పడిపోతోంది. మా ఆవిడ దోసెలు గ్యాస్ పొయ్యి మీదే వెయ్యమంటోంది, పొయ్యి వెలిగిస్తే ట్రెయిలర్ వేడి.

బెజవాడ బ్యాచ్
ఇప్పుడు ఈ గ్యాస్ సిలిండర్ గ్యాసా, పెట్రోలా?

తక్కెడ
సిలిండరే తమ్ముడూ, ప్రొపేన్ 😀

నేతి దోసెగారూ, 30 యాంప్ అంటే 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, ఇండక్షన్‌కి 1,800. ఇక మీ వాటర్ హీటర్ కరెంటు మీద ఉండుంటుంది. దాన్ని ప్రొపేన్‌కి మార్చండి, దోసెలు వస్తాయి.

అరోరా అక్క
ఇండక్షన్‌ని బయట బల్ల మీద పెట్టి, సైటులోని కరెంటు పెడెస్టల్‌లో ఉండే 20 యాంప్ సాకెట్‌కి కలపండి. మేం అదే చేస్తాం. కుక్కర్ మాత్రం మర్చిపోవద్దు. 9,000 అడుగుల మీద కుక్కర్ లేకుండా కందిపప్పు రాత్రంతా పెట్టినా పలుకే.

నెల్లూరు నేతి దోసె
వాటర్ హీటరే!! అక్కా, తక్కెడగారూ, మీకు శతకోటి.

ఫ్రిస్కో ఫణి
అందరికీ థాంక్స్. నా రెండో ప్రశ్నకి బామ్మర్దిగారి పంపు కథ తప్ప ఏమీ రాలేదు, మూడోది ఎవరూ చదవలేదు. ఈరోజు టేపు పట్టుకుని వెళ్ళి నేనే కొలిచాను. ఆ ఎఫ్-250 క్రూ క్యాబ్, పొట్టి బెడ్డుదే, 250 అంగుళాలు. మా గ్యారేజీ 240. డీజిలైనా గ్యాసైనా పది అంగుళాలు బయటే. ఎఫ్-150 232 అంగుళాలు, పడుతుంది గానీ స్టిక్కరు 1,437.

తక్కెడ
అయితే డ్రైవ్‌వేలో పెట్టండి.

ఫ్రిస్కో ఫణి
హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు రాత్రిపూట ముప్పావు టన్ను ట్రక్కు డ్రైవ్‌వేలో ఉండకూడదని రాసుకున్నారు. ఇప్పుడే చదివాను.

టార్క్ తాత
ఇల్లు మారు.