బ్రిటన్ కార్ల ఫ్యాక్టరీలకు సర్కారు పైసలు: ఆ లైన్ల నౌకరీ నమ్మొచ్చా?

హన్మకొండ అక్క:

నమస్తే అందరికి. మాది నయీంనగర్. మా తమ్ముడు ఇక్కడ మెకానికల్ బీటెక్ అయినంక ఎమ్మెస్‌కు బ్రిటన్‌ల కోవెంట్రీ పోయిండు. పర్కాల కాడి రెండెకరాల మీద లోన్ తీసి పంపినం. వచ్చే ఎండకాలం చదువు అయిపోతది. వాని మనసంతా కార్ల తయారీ మీదనే ఉన్నది.

నాకు సమజ్ కానిది ఒక్కటే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే (దాన్నే బ్రెక్సిట్ అంటరు) అక్కడి కార్ల ఫ్యాక్టరీలు లేచిపోతయన్నరు. ఇంకోదిక్కు టాటా వాళ్లు సోమర్‌సెట్‌ల 400 కోట్ల పౌండ్లతోని బ్యాటరీ ఫ్యాక్టరీ పెడుతున్నరు, సర్కారు సాయం కూడ ఉన్నదని పేపర్ల చదివిన. సర్కారు పైసలిచ్చి నిలబెట్టుకున్న ఫ్యాక్టరీల నౌకరీ గట్టిదేనా? లేకపోతే పైసలు ముట్టినంక వాళ్ల దారి వాళ్లు చూసుకుంటరా? వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడుడు చూసిన ఊరు మాది, అందుకే భయం. ఎరుకున్నోళ్లు చెప్పండి.

కరీంనగర్ నుంచి:

అక్కా, నేనైతే వద్దంట. స్విండన్‌ల హోండా ప్లాంట్‌ను 2021 జులైల మూసేసిండ్రు. 2016ల బ్రిటన్ మొత్తం మీద 17 లక్షల పైన కార్లు తయారైనయి, 2024ల 8 లక్షలు కూడ కాలేదు. బయటికొచ్చిన దెబ్బ అది. తమ్ముణ్ని జర్మనీ దిక్కు చూసుకోమనుండ్రి.

భీమారం మెకానికల్:

చెల్లే, నేను బ్రిటన్‌ల సండర్లాండ్ దగ్గర కార్ల సీట్లు చేసే ఒక కంపెనీల సప్లై పని చూసిన, ఇప్పుడు భీమారంల ఉంట. పైన కరీంనగర్ తమ్ముడు చెప్పిన లెక్కలు నిజమే. కాని అదంతా బ్రెక్సిట్ ఖాతాల రాయొద్దు. నడుమ కరోనా వచ్చింది, చిప్‌లు దొరకలేదు, పెట్రోల్ మోడళ్లు ఆపి ఎలక్ట్రిక్‌కు లైన్లు మార్చుకునుడు మొదలైంది. హోండా వాళ్లు కూడ ఎలక్ట్రిక్ మార్పే కారణమన్నరు.

బ్రెక్సిట్ దెబ్బ ఇంకో జాగల తగిలింది. 1986ల జపాన్ కంపెనీ నిస్సాన్ సండర్లాండ్‌ల కార్లు చేసుడు మొదలుపెట్టింది ఎందుకు? అక్కడ చేస్తే యూరప్ అంతా సుంకం లేకుంట అమ్ముకోవచ్చని. యూనియన్‌ల ఉన్నన్ని రోజులు ఆ వసతికి ఎవ్వరు పైస కట్టే పని లేదు. బయటికొచ్చినంక 2020 డిసెంబర్‌ల యూనియన్‌తోని ఒప్పందం అయితే అయింది, సుంకం లేదన్నరు, కాని షరతు ఉన్నది. పెట్రోల్ కారైతే దాని ధరల బ్రిటన్, యూనియన్ కాని బయటి దేశాల సామాను 45 శాతం దాటొద్దు. దాటితే 10 శాతం సుంకం కట్టాలె.

ఆ షరతు షాప్‌ఫ్లోర్ మీద ఎట్లుంటదో చెప్త. సీటుకు ఫ్రేమ్, ఫోమ్, గుడ్డ, ముందుకు ఎనుకకు జరిపే చిన్న మోటార్ ఉంటయి. ప్రతి దానికి సప్లయర్ దగ్గరి నుంచి ఎక్కడ తయారైందో రాసిచ్చిన కాగితం కావాలె. మోటార్ అమ్మెటోడు లోపలి తీగె చుట్ట ఇంకొకరి దగ్గర కొంటడు, ఆయన మళ్ల ఇంకొకరి దగ్గర. సామాను గంటల లెక్కన లైన్‌కు అందుతనే ఉంటది, కాగితం కోసం మాత్రం వారాలు ఎంటపడాలె. చిన్న సప్లయర్లు ఆ రాతకోతలకే మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఏ వార్తలకు ఎక్కదు.

ఇగ ఎలక్ట్రిక్ కార్ల అన్నిటికన్న పిరమైనది బ్యాటరీ. అది చైనా నుంచి వస్తే కారు మొత్తం లోకల్ అనిపించుకునుడు కష్టం. బ్యాటరీ మీద గట్టి షరతు 2024 నుంచే రావాల్సింది, 2023 డిసెంబర్‌ల దాన్ని 2026 చివరిదాకా జరిపిండ్రు. టాటా పెట్టే, ఏడాదికి 40 గిగావాట్ అవర్ల బ్యాటరీలు చేసే ఫ్యాక్టరీకి, సండర్లాండ్‌ల నిస్సాన్ పక్కని కొత్త బ్యాటరీ ప్లాంట్‌కు సర్కారు సాయం చేసేది గీ షరతు కోసమే. ఒకప్పుడు పుణ్యానికి వచ్చినదాన్ని ఇప్పుడు ప్రజల పైసలతోని కొనుక్కుంటున్నరు. నాకు బాధనిపించేది అదే.

నువ్వు అడిగినదానికి వస్త. 2016 అక్టోబర్‌ల బ్రిటన్ మంత్రి గ్రెగ్ క్లార్క్ నిస్సాన్‌కు ఉత్తరం రాసిండు, 8 కోట్ల పౌండ్ల దాకా సాయం మాట అందుల ఉన్నది. ఆ నెలల్నే కష్కాయ్, ఎక్స్-ట్రెయిల్ అనే రెండు కార్లు సండర్లాండ్‌ల చేస్తమని కంపెనీ ప్రకటించింది. 2019 ఫిబ్రవరి 3న ఎక్స్-ట్రెయిల్ జపాన్‌లనే చేస్తమన్నరు. దానికి రెండు రోజుల ముందే యూరప్‌కు, జపాన్‌కు వ్యాపార ఒప్పందం అమల్లకు వచ్చింది, జపాన్ కార్ల మీద సుంకం ఏటేటా తగ్గుడు షురూ అయింది. కష్కాయ్ మాత్రం ఉన్నది. ఆక్స్‌ఫర్డ్‌ల ఎలక్ట్రిక్ మినీ కోసం బీఎండబ్ల్యూ 2023ల 60 కోట్ల పౌండ్లు పెడతమన్నది, సర్కారు సాయం కూడ ఒప్పుకున్నరు, 2025 ఫిబ్రవరిల ఆ పని ఆపి పెట్టిండ్రు.

అంటే పైసలు ఒక మోడల్‌ను తెస్తయి, ఒక మోడల్ ఆరేడేండ్లు నడుస్తది. ఫ్యాక్టరీ ఎన్నేండ్లు ఉండాల్నో తేల్చేది కారు పోయే మార్కెట్.

కాగజ్‌నగర్ వాసి:

అన్నా, చివరి మాట నేను పూర్తిగ ఒప్పుకోను. మా సిర్పూర్ పేపర్ మిల్లు 2014ల ఆగింది. జేకే పేపర్ తీసుకున్నంక 2018ల మళ్ల నడిచింది, రాష్ట్ర సర్కారు రాయితీలు ఇచ్చింది. కాగితానికి గిరాకీ ఆ నాలుగేండ్లు కూడ ఉన్నది కదా, మరి మిల్లు ఎందుకు నడవలె? సర్కారు నడుమ వచ్చి కూసొని మాట్లాడితేనే పని అయింది. బంద్ ఉన్నప్పుడు పిల్లల ఫీజులు కట్టలేక బల్లార్షా దిక్కు పనులకు పోయినోళ్లు మా గల్లీలనే ఉన్నరు. సాయం దండుగ అని ఎవ్వరన్నా నాకు ఒప్పదు.

భీమారం మెకానికల్:

దండుగ అనలే తమ్మీ. మూతపడ్డదాన్ని తెరిపించుడుకు సర్కారు కావాలె, నీ మాట కరెక్టే. ఎప్పుడు ఇస్తున్నరన్నది చూడాలంట నేను. బ్రిటిష్‌వోల్ట్ అని ఒక బ్యాటరీ కంపెనీకి 10 కోట్ల పౌండ్లు ఇస్తమన్నరు, కాని ఒప్పుకున్న మెట్టుదాక పని రాలేదని విడుదల చెయ్యలె. 2023 జనవరిల కంపెనీ కూలింది, ప్రజల పైసలు మిగిలినయి. పనిని బట్టి ఇచ్చే సాయం నాకు నచ్చుతది.

హన్మకొండ అక్క:

ఇప్పుడు సమజైంది అన్నా. మరి వాడు ఇంటర్వ్యూకు పోతే ఏం అడగాలె? బ్యాటరీ దిక్కు పొమ్మందామా?

భీమారం మెకానికల్:

ముందు ఆ కంపెనీకి వీసా స్పాన్సర్ లైసెన్స్ (బయటి దేశపోళ్లను పనిల పెట్టుకునే పర్మిషన్) ఉన్నదా చూసుకోమను. లేకపోతే మిగతాదంతా అనవసరం. 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగ ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగ చదువు అయినోళ్లకు తక్కువ ఉంటది.

లోపలికి పోయినంక, ఈ లైన్ మీద ఇప్పుడున్న మోడల్ ఎప్పుడు మొదలైంది, దాని తర్వాతిది ఖాయమైందా అని అడగాలె. అట్ల అడిగితే తప్పు పట్టరు, ఇంకా ఇష్టపడతరు. కార్లు యూరప్‌కు ఎక్కువ పోతయా, అమెరికాకా అన్నది కూడ అడగాలె. 2025 ఒప్పందంల అమెరికా ఏడాదికి లక్ష బ్రిటన్ కార్లకే 10 శాతం సుంకం పెట్టింది, దాని పైన పోతే ఎక్కువ పడతది.

బ్యాటరీ ఒక్కటే పట్టుకోమనను. రోబోలు, పీఎల్‌సీ (మిషన్లను నడిపించే చిన్న కంప్యూటర్), క్వాలిటీ పని నేర్చుకుంటే సీట్ల లైన్ అయినా బ్యాటరీ లైన్ అయినా చేతికి పని ఉంటది. వాని సీవీ నాకు మెసేజ్‌ల పంపమను, బీటెక్‌ల చేసిన ప్రాజెక్ట్ ఏందో అందుల వివరంగ రాయమను. ఈ ఆదివారం చూసి చెప్త.