తిక్కన నాటకానికి తాటాకు, గంటం, కరణం లెక్క: సాయం కావాలి

సింహపురి_వేదిక:
నెల్లూరులో పిల్లలతో తిక్కన నాటకం వేస్తున్నాం. ఆయన చెబుతుంటే గురునాథుడు రాయడం ఒక ఘట్టం, మనుమసిద్ధి కొలువులో కరణం ధాన్యం లెక్క చదవడం మరొకటి. ఇప్పటికి బల్ల, సిరాబుడ్డి, ఈక కలం పెట్టాం. వాటి బదులు ఏం పెట్టాలి, ఎలా పట్టుకోవాలి?

గంటం:
మూడూ తీసేయండి. రాసేవాడు బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో ఇనుప గంటం. ఎడమ బొటనవేలు గంటానికి ఆనించి, ఆకును జరుపుతూ రాస్తారు. ఈ ఒక్కటి సాధన చేయించండి, చూసేవాళ్లు నమ్ముతారు.

తాటాకు ఈనె తీసి, పసుపునీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, 3-4 సెంటీమీటర్ల వెడల్పున కోయండి. గీసినప్పుడు అక్షరం సరిగా కనపడదు. దీపం మసిని నూనెలో కలిపి గుడ్డతో పూసి, వెంటనే తుడిస్తే గీతల్లోనే నలుపు నిలుస్తుంది. ఆలస్యమైతే ఆకంతా మసిబారుతుంది.

సింహపురి_వేదిక:
పచ్చాకు మీద గీసి చూశామండీ, తలకట్ల దగ్గర చీలుతోంది.

గంటం:
ఆకు పొడవునా నార ఉంటుంది. దాని వెంట బారుగీత లాగితే చీలక తప్పదు. తలకట్టు పొట్టిగా, తేలిగ్గా పెట్టించండి. గుండ్రటి ఒంపులకు ఆ బాధ లేదు. పచ్చాకు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, అసలు వద్దు.

పుట్టి_తూము:
లెక్క సంగతి నేను చెబుతాను. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు. అంటే కుంచం తూములో కాలు (నాలుగో వంతు), మానిక తూములో వీసం (పదహారో వంతు). పాత కరణాల లెక్కలో కాలుకు నిలువుగీత, వీసానికి అడ్డగీత. 5 తూముల 3 కుంచాల 2 మానికలు రాయాలంటే ౫ వేసి, పక్కన మూడు నిలువుగీతలు, ఆ తర్వాత రెండు అడ్డగీతలు. చదివే పిల్లవాడు "అయిదు తూముల మూడు కుంచాల రెండు మానికలు" అని ఒక్క గుక్కలో అనాలి.

తేదీ కూడా చదివించండి. కథ క్రీ.శ. 1250లో జరిగితే శక సంవత్సరం కోసం 78 తీసేయాలి: శక 1172, సాధారణ నామ సంవత్సరం. జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79 తీయాలి, చాలామంది తప్పేది ఇక్కడే.

కళ్లం దగ్గర లెక్కకు మాత్రం ఆకు కాదు, కడితం చూపించండి. గుడ్డకు చింతగింజల పిండి జిగురు, బొగ్గుపొడి కలిపి పూస్తారు. మందంగా పూస్తే మడతల్లో పెట్లుతుంది, పలచగా రెండు పూతలు వేయండి. బలపంతో తెల్లగా రాసి, పని తీరాక తుడిచేసి మళ్లీ రాసేవాళ్లు.