దొర, చెర: ఈ కందం ఎవరిది?

తుంగభద్ర:
హైస్కూల్లో మా తెలుగు మాస్టారు మైసూరు యుద్ధాల మాట వచ్చినప్పుడల్లా ఒక కందం చదివేవారు. మొదటి పాదం "దొర" అని ఎత్తుకుంటుంది, రెండోది "చెర" అని. మిగతాదంతా కొట్టుకుపోయింది. శ్రీరంగపట్నంలో హైదరాలీకి బందీలుగా చిక్కిన ఇంగ్లీషు దొరల మీద వెటకారమని మాత్రం గుర్తు. ఇప్పుడు ఆ బందీల మీదే ఒక వ్యాసం రాస్తున్నాను. ఎత్తుగడకి ఈ పద్యం పెట్టుకుందామని ఆశ. ఎవరిదో తెలుసా?

శకటరేఫ:
ఎవరిదో తెలియదు గానీ, పాతవాళ్లది మాత్రం కాదు. దొరలో ఉన్నది సాధురేఫ, అంటే మామూలు ర; చెఱలో ఉన్నది బండిర, అంటే ఱ. పాదాల రెండో అక్షరాలు ఒకటిగా ఉండాలన్న ప్రాసే కుదరనప్పుడు కందం ఎక్కడిది? బ్రౌను దొర నిఘంటువు తీసి చెఱసాల చూడండి.

చెన్నపట్నం అక్క:
నిఘంటువు దాకా ఎందుకండీ, మా వీధి చివర బోర్డు చాలు. తమిళంలో జైలు శిఱై, దొర తురై. రెండు రకాల ర. పలకడంలో చాలామందికి తేడా పోయింది, రాతలో మాత్రం వదలరు. మనమే బండిరని బడి నుంచి వెళ్లగొట్టాం. కంపెనీ అధికారుల్ని వాళ్లూ తురై అనే పిలిచేవారు.

గుంటూరు వాడు:
నా లెక్కలో అది చెర కాదు, "తెర". మాస్టారు చదవగా విన్నదే కదా, చె, తె కలిసిపోయి ఉంటాయి. తెరలో ఉన్నది మామూలు ర, ప్రాస హాయిగా సరిపోతుంది. పైగా శ్రీరంగపట్నం దరియా దౌలత్ మహలు గోడ మీద పొల్లిలూరు యుద్ధం బొమ్మ చూశారా? అందులో ఇంగ్లీషు కల్నల్ బెయిలీ పల్లకిలో ఉంటాడు. పల్లకి అంటే తెర ఉండదూ?

శకటరేఫ:
తెర వేసి ఉంటే లోపలున్నది బెయిలీ అని మీకెలా తెలిసింది?

గుంటూరు వాడు:
నవ్వండి, నవ్వండి. ఆ బెయిలీ బయల్దేరింది మా గుంటూరు నుంచే. 1780లో గుంటూరు సర్కారులో ఉన్న దళాన్ని తీసుకుని హెక్టర్ మన్రో సైన్యంలో కలవడానికి దక్షిణానికి నడిచాడు. ఆగస్టు 25న కొర్తలయారు ఉత్తరపు గట్టున ఆగాడు. అప్పుడే దాటాల్సింది, పొద్దున చూసుకుందాంలే అనుకున్నాడు. రాత్రికి రాత్రి వరదొచ్చి రోజుల తరబడి అక్కడే ఇరుక్కున్నాడు. సెప్టెంబరు 10న కంచికి దగ్గర్లో పొల్లిలూరు దగ్గర మొత్తం దళం చితికిపోయింది, మిగిలినవాళ్లు బందీలయ్యారు. బెయిలీ 1782లో ఆ బందిఖానాలోనే పోయాడు. ఒక్క రాత్రి బద్ధకం.

తుంగభద్ర:
ఇవన్నీ వ్యాసంలో ఉన్నాయి అన్నా. నాకిప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. "హైదరు ఇంగ్లీషువాళ్లని చెరపట్టాడు" అని రాయొచ్చా?

పాత కాగితాలు:
రాయకండి. చెరపట్టడం ఇప్పుడు పూర్తిగా ఆడవాళ్ల మీద జరిగే దౌర్జన్యానికే వాడుతున్నాం. "చెరలో ఉన్నారు" అనండి, లేదా పత్రికలవాళ్లలా "యుద్ధఖైదీలు" అనండి. నాకైతే బందీలే ఇష్టం. నిజంగానే కాళ్లకి బంధాలు వేశారు కాబట్టి ఆ మాట ఒంటికి అతుకుతుంది. ఒక్కో జత సంకెళ్లు దాదాపు 9 పౌన్లు. డేవిడ్ బేర్డ్ అనే కెప్టెన్‌కి కాలి గాయం చీము పట్టి ఉంది. సంకెళ్లు తెచ్చినప్పుడు లూకాస్ అనే ఇంకో కెప్టెన్ ముందుకొచ్చి, అతనివి కూడా నాకే వేయండి, రెండు జతలూ నేనే మోస్తాను అన్నాడట. అది విని కాపలా అధికారి మెత్తబడి బేర్డ్‌ని కొన్నాళ్లు వదిలేశాడు. లూకాస్ అక్కడే చచ్చిపోయాడు. బేర్డ్ మూడున్నరేళ్లు దాటాక 1784 మంగుళూరు సంధితో బయటపడ్డాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట మీదికి దాడి నడిపించింది అతనే.

గుంటూరు వాడు:
ఖైదు అన్నారు కాబట్టి ఒక మాట. మన పాత తెలుగులో "కైదువు" ఉంది, ఆయుధం అని అర్థం. ఆయుధం చూపించి పట్టుకున్నవాడు కైదీ. దానికి ఒత్తు ఎవరో తర్వాత తగిలించి ఉంటారు.

శకటరేఫ:
ఖైదు అరబ్బీ మాట అండీ బాబూ. పారసీ మీదుగా కచేరీల్లోకి వచ్చింది. కైదువుకీ దానికీ చుట్టరికం లేదు. ఇలా పోతే కాఫీని కూడా నన్నయకి అంటగడతారు.

చెన్నపట్నం అక్క:
ఇద్దరూ ఆగండి. అందరూ దొరల బాధే చెబుతున్నారు, వాళ్లతో పట్టుబడిన సిపాయిల మాటేమిటి? గుంటూరు నుంచి వచ్చిన దళమంటే అందులో మనవాళ్లూ ఉంటారు కదా.

పాత కాగితాలు:
మంచి ప్రశ్న అక్కా. బందీలు రాసుకున్న వాటిలో దొరల భాగమే పెద్దది, ఎందుకంటే రాసింది వాళ్లే. ఆఫీసర్లకి రోజుకింత అని డబ్బిచ్చి బజారు నుంచి తెప్పించుకోనిచ్చేవారు. కింది సోల్జర్లకి అంతకంటే తక్కువ. సిపాయిలకి ఇంకా హీనం, పైగా మోతపని. అయినా సిపాయిలు తమ తిండి తగ్గించుకుని తెల్ల సోల్జర్లకి మాంసం కొనిపెట్టారనీ, "ఈ తిండి మాకు అలవాటే, మాంసం లేకపోతే మీరు బతకలేరు" అన్నారనీ కంపెనీవాళ్లే రాశారు. ఆ మాట అన్నవాడి పేరు మాత్రం రాయలేదు.

ఇంకో ముక్క. హిందీలో, బెంగాలీలో సిపాయిని "తిలంగా" అనేవారు. కంపెనీ పటాలాల్లో మొదట్లో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి మన జాతి పేరే ఉద్యోగం పేరైంది. దీని మీద వేరే చర్చ పెట్టాలి.

తుంగభద్ర:
శ్రీరంగపట్నంలో గైడ్లు మాత్రం ఇవేవీ చెప్పరు. నేలమాళిగ చూపించి, మెడలోతు నీళ్లలో గోడకి కట్టేసేవారని చెబుతారు. ఆఫీసర్ల రాతలు చూస్తే చుట్టూ గోడ, మధ్య వాకిలి, పక్కన సావిళ్లు. నీళ్ల కంటే రోగాలూ ఆకలీ ఎక్కువమందిని తీసుకుపోయాయి. అలాగని వాళ్లు రాసిందంతా వేదం కాదు. లండన్లో ఆ కథలు బాగా అమ్ముడుపోయాయి, టిప్పుని రాక్షసుణ్ణి చేయడానికి పనికొచ్చాయి కూడా.

పోతన దాసుడు:
ఆలస్యంగా వచ్చాను. శకటరేఫ గారూ, ర, ఱ కలిస్తే పాతవాళ్లది కాదని అంత తేలిగ్గా ఎలా తేల్చారు? మా పోతన కలిపాడు. కలిపాడనే కదా వ్యాకరణం, ఛందస్సు రాసిన లాక్షణికులు భాగవతాన్ని ఉదాహరణలకి ముట్టుకోలేదు! అప్పకవి ర, ఱ మాటలకి పట్టిక రాసుకుంటూ కూర్చున్నాడు. జనం మాత్రం గజేంద్రుడి మొర కంఠతా పట్టారు. ఎవరు నెగ్గారు?

శకటరేఫ:
అందుకే కూచిమంచి తిమ్మకవి పోతన్ని వెనకేసుకొచ్చాడు. భాగవతం కొంత శిథిలమైతే వెలిగందల నారయ లాంటివాళ్లు పూరించారు, తప్పులేమైనా ఉంటే పూరించినవాళ్లవి అన్నాడు. అంటే తప్పు తప్పేనని తిమ్మకవీ ఒప్పుకున్నట్టే.

పోతన దాసుడు:
తిమ్మకవి సాయం పోతనకి అక్కర్లేదు. ఆయన చెవితో రాశాడు. ఆయన నాటికే జనం నోట్లో రెండు ర-లూ ఒకటైపోయి ఉంటాయి.

శకటరేఫ:
"ఉంటాయి" అంటే చాలదు. శాసనం చూపించండి.

పాత కాగితాలు:
శాసనం దొరికేలోపు ఒకటి చెప్పనా? జేమ్స్ స్కరీ అని పదిహేను, పదహారేళ్ల ఓడ కుర్రాడు. 1782లో ఫ్రెంచివాళ్లు పట్టుకుని హైదరుకి అప్పగించారు. సుంతీ చేయించి, మతం మార్చి, బానిసలతో కూర్చిన టిప్పు చేలా పటాలంలో కవాతు నేర్పారు. పదేళ్ల తర్వాత తప్పించుకుని సొంతవాళ్లని చేరేసరికి అతని ఇంగ్లీషు తడబడిపోయింది, కత్తీ ఫోర్కూ పట్టుకోవడం రాలేదు. ఒక మనిషి నోట్లోనే పదేళ్లలో భాష అంత మారితే, ఊరందరి నోట్లో ఒక అక్షరం మారడానికి ఎంతసేపు?

శకటరేఫ:
స్కరీ మర్చిపోయాడు. పోతన మర్చిపోయాడా? మీరు ఎవరి పక్షం?

చెన్నపట్నం అక్క:
చేలా అంటే శిష్యుడు కదా! బానిసకి ఆ పేరు పెట్టడం చూడండి.

తుంగభద్ర:
సరే, పద్యం లేకుండానే పంపించేస్తాను. వ్యాసంలో మాత్రం చెఱ అని బండిరతోనే రాశాను. ఎడిటర్ మారిస్తే మార్చుకోనీ.

శకటరేఫ:
మార్చరు. మారిస్తే నాకు చెప్పండి, ఉత్తరం రాస్తాను.

గుంటూరు వాడు:
తెర అని ఒప్పుకుంటే ఈ టెన్షనే ఉండేది కాదు.