‘నెమ్మదిగా పనిచేయుచు’ అంటే మెల్లగా పనిచేయడమా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, రెండో థెస్సలొనీక పత్రిక 3:12లో ‘నెమ్మదిగా పనిచేయుచు’ అని ఉంది కదా. హడావుడి పడకుండా మెల్లగా పని చేసుకోవాలని మా యూత్ మీటింగులో చెప్పారు. అదేనా అర్థం?

జవాబు: కాదు తమ్ముడూ. ‘నెమ్మదిగా దిగు’ అన్నప్పటి అర్థం ఇక్కడ పెట్టకూడదు. ‘జ్వరం నెమ్మదించింది’, ‘మనసుకు నెమ్మది లేదు’ అంటాం చూడు, ఆ నెమ్మది ఇది. మొదటి తిమోతి 2:2లో ‘నెమ్మదిగాను సుఖముగాను బ్రదుకు’ అన్నచోట మెల్లగా అని పెట్టి చదివితే అతకదు. పౌలు రాసిన గ్రీకు మాట హెసుఖియా. కలత లేకుండా, కుదురుగా ఉండటం అని దాని భావం.

మన దగ్గర దీనికి సరిగ్గా సరిపోయే మాట నిమ్మళం. ‘నిమ్మళంగున్నరా?’ అని అడిగితే మెల్లగా ఉన్నారా అని కాదు కదా, రంది లేకుండా ఉన్నారా అని.

పై వచనం కూడా కలిపి చదువు. కొందరు ‘ఏ పనియు చేయక పరులజోలికి’ పోతున్నారని పౌలుకు తెలిసింది. గ్రీకులో అక్కడ ఒకే ధాతువుతో రెండు మాటలు కట్టాడు. మన యాసలో చెప్పాలంటే: పని చెయ్యరు, పెత్తనం చేస్తరు. ప్రభువు దినం, అంటే యేసు తిరిగి వచ్చే రోజు, వచ్చేసిందన్న మాటకు బెదిరిన సంఘం అది. అలాంటివాళ్లకు ఆయన చెప్పిన మందు ఎవరి పని వాళ్లు చేసుకుని, సంపాదించుకున్నది తినమని. ఆయన కూడా డేరాలు కుట్టి బతికినవాడే (అపొస్తలుల కార్యములు 18:3).

దేవరకొండ దిక్కు మా మేనత్త పత్తి ఏరేది. కిలోల లెక్కన కూలి, మెల్లగా ఏరితే ఏం గిట్టుతుంది? కొంగు ఒడి కట్టుకుని రెండు చేతులా ఏరేది. ఎండిన కాయ మొనలు గోళ్ల పక్కన గీరుకుని నెత్తురొచ్చేది. పక్క సాలులో ఎవరెన్ని కిలోలు ఏరారో ఆమెకు పట్టేది కాదు. చేతులు ఉరుకుతుంటే మనిషి నిమ్మళం. ‘నెమ్మదిగా పనిచేయుచు’ అన్నది చదివినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

జవాబు (నారాయణపేట నుంచి): మా పక్కన కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువ. వాళ్లు నెమ్మది అంటే మనశ్శాంతి అనే అర్థం. ఇంకోటి అన్నా, నల్లగొండ, దేవరకొండ, పాలమూరు దిక్కు పనిచేసిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనువాళ్లకు యూరప్‌లో ఉన్న పాత పేరు ‘దేశంలో నెమ్మదిగా ఉన్నవాళ్లు’. కీర్తన 35:20 నుంచి తీసుకున్న మాట. సేద్యం చేసుకుంటూ, యుద్ధాలకు పోకుండా బతికారని ఆ పేరు.

ప్రశ్న (మళ్లీ మిర్యాలగూడ): అర్థమైందన్నా. మరి గుంపు మేస్త్రి కూలి పైసలు ఆపితే అడగొద్దా? నెమ్మదిగా ఉండమన్నారని ఊరుకోవాల్నా? మా వాడలో దీని మీదే టెన్షన్ నడుస్తోంది.

జవాబు: అడగాలి తమ్ముడూ, తప్పకుండా అడగాలి. 3:11లో పౌలు తప్పు పట్టింది పని చేయకుండా ఊరి పెత్తనాలు చేసేవాళ్లను. మీవాళ్లు చేసిన పనికి కూలి అడుగుతున్నారు, అది పరుల జోలి ఎట్లా అవుతుంది? పాలమూరు లేబర్ చెరువులు తవ్వి, డ్యాములు కట్టి వచ్చిన గడ్డ మనది, కూలి ఎగ్గొడితే ఇంట్లో ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. యాకోబు పత్రిక 5:4 తీసి వాళ్లకు చదివి వినిపించు. చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవిన పడ్డాయని అక్కడ రాసి ఉంది. నలుగురు పెద్దమనుషులను వెంట తీసుకుని, హాజరు పుస్తకం చేతబట్టుకుని పోండి.