'తిరాజ్'ని తెలుగులో ఏమందాం?

ఇస్లాం తొలి శతాబ్దాల పట్టువస్త్రాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'తిరాజ్' దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. పారశీకం నుంచి అరబ్బీలోకి వెళ్లిన మాట. మొదట బట్ట మీద కుట్టుపని అనే అర్థం. తర్వాత అక్షరాలున్న పట్టీకీ, ఆ పట్టీలు తయారుచేసే రాజుగారి కార్ఖానాకీ అదే పేరయింది. 'జరీ అంచు' అని రాసి కొట్టేశాను. 'పేరంచు' అంటే ఎలా ఉంటుంది?

– కొట్టేసి మంచి పని చేశారండీ. ఈజిప్టులో దొరికినవి చాలావరకు అవిసెనార బట్ట మీద రంగు పట్టుదారంతో చేసినవి, వాటిలో జరీ ఉండాలనేం లేదు. అసలు అక్కడ విలువ దారానిది కాదు, పేరుది. ఖలీఫా పేరు, ఆయనకో దీవెన, ఒక్కోసారి నేసిన ఊరు, సంవత్సరం కూడా ఉంటాయి. నాణెం మీద, శుక్రవారం ప్రార్థనలో చదివే ఖుత్బాలో ఎవరి పేరుంటే వాళ్లదే రాజ్యం. బట్ట మీద పేరూ అలాంటిదే. పూర్వం పారశీక రాజులు బట్టల మీద బొమ్మలు వేయించేవారనీ, ముస్లిం పాలకులు వాటి చోట పేర్లు వేయించారనీ పద్నాలుగో శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ రాశాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో తూర్పు ఇరాన్ వైపున్న ఖొరాసాన్ పట్టు ఒకటుంది. ఎదురెదురుగా ఏనుగులు, కింద సేనాని అబూ మన్సూర్ బుఖ్‌తకీన్ పేరు, 'దేవుడు ఆయన్ని చిరకాలం ఉంచుగాక' అనే ప్రార్థన. ఆయన్ని 961లో ఆ ప్రాంతాన్నేలిన సామానీ వంశపు రాజు చంపించాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. అందుకే 'పేరు' అన్న ముక్క మాత్రం వదలకండి.

– 'పేరంచు' వినడానికి బాగుంది కానీ, ఆ పట్టీ చాలాసార్లు జబ్బ దగ్గర, చేతుల మీద వస్తుంది. అంచు అనగానే మన పాఠకుడికి చీరే గుర్తొస్తుంది. 'పేరుపట్టీ' అంటే ఆ చిక్కు ఉండదు. యెమెన్ తిరాజ్‌లైతే నూలును ముందే కట్టి రంగులద్ది నేసిన బట్టలు, మన పోచంపల్లి చిటికీ పద్ధతే. ఆ గీతల బట్టల్లో కొన్నిటి మీద బంగారు పూతతో అక్షరాలు రాసేవారు. అలాంటివాటిలో అక్షరాలకు కుట్టూ లేదు, అంచూ లేదు.

– 'పేరుపట్టీ' తీసుకుంటున్నానండీ. కార్ఖానా అర్థంలో వచ్చినచోట మాత్రం 'తిరాజు' అనే ఉంచుతాను. రుమాలు, మఖమలు మన నోట్లో ఇమిడిపోయాయి కదా, ఇదీ ఇముడుతుంది.