కాలేజీ తరఫున ఆడేటోళ్లకు జీతం ఇవ్వాలా?

ఓరుగల్లు_రైడర్:
కేయూ (కాకతీయ యూనివర్సిటీ) తరఫున ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు పోతే ట్రాక్‌సూట్, రైలు చార్జీ, రోజు భత్యం. అంతే. అమెరికాలో 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బులు పంచుతున్నయి. మన దగ్గర నెలజీతం ఎందుకు ఇవ్వరు? లెక్క తెలిసినోళ్లు చెప్పండి.

హన్మకొండ_ట్రాక్:
అక్కడి పైసలు ఎక్కడివో చూడు తమ్మీ. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ టీవీ హక్కులవి, టికెట్లవి. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్నంక, ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు. అది గరిష్ఠమే, ఇచ్చి తీరాలని లేదు. అందులోనూ పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే. మన సౌత్ జోన్ ఖోఖోకు టికెట్ కొనేదెవరు? జీతమంటే చివరికి పిల్లల ఫీజుల్లోంచే తీయాలె. దానికి నేనొప్పుకోను.

తిండి ఖర్చుకైతే ఒప్పుకుంట. రోజుకు 6 గుడ్లు, అర లీటరు పాలు, 4 అరటిపండ్లు అంటే దగ్గర దగ్గర వంద రూపాయలు, నెలకు 3,000. 12 మంది కబడ్డీ టీముకు ఆరు నెలలకు 2.16 లక్షలు. ఇది కాలేజీలు మోయలేని భారమేం కాదు.

మన వరంగల్ జిల్లా కల్లెడ రన్నర్ దీప్తి జీవాంజికి పారిస్ పారాలింపిక్స్ కాంస్యం వచ్చినంక రాష్ట్రం కోటి రూపాయలు, 500 గజాల జాగ, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. కానీ గుడ్లు, పాలు కావాల్సింది పతకానికి ముందు.

పీడీ_డెస్క్:
జీతం సంగతి తర్వాత, ముందు ప్రయాణ ఖర్చుకు అడ్వాన్సు అడగండి. సొంత డబ్బుతో పోయొచ్చి బిల్లు పెడితే టికెట్లు, పార్టిసిపేషన్ సర్టిఫికెట్ నకలు, పాసుబుక్ మొదటి పేజీలో ఏ ఒక్కటి లేకున్నా ఫైలు ఆగుతుంది. ఎంపిక ఆలస్యమైతే కాజీపేట నుంచి స్లీపర్ దొరకదు. తత్కాల్ తేడా ఎవరు భరిస్తారో బయల్దేరే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అటెండెన్స్ కోసం ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ కూడా అప్పుడే ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి. వచ్చాక ఇస్తే 75 శాతం హాజరు దగ్గర పేచీ.

చేతికి డబ్బు వచ్చే దారి కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా. ఎంపికైన అథ్లెట్ ఖాతాలో నెలకు 10,000 లెక్కన ఏడాదికి 1.20 లక్షలు పడతాయి. ఒక్కో అథ్లెట్‌కు ఏడాదికి 6.28 లక్షలని వినేదంతా చేతికి రాదు, మిగతాది శిక్షణ, వసతి కింద పోతుంది. ఆట తగ్గితే జాబితాలోంచి పేరు తీసేస్తారు.

కోటా_కాగితాలు:
పైసల రంధిలో సర్టిఫికెట్ మర్చిపోకండి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకు యూనివర్సిటీ ఆట ఫారం-3లోనే ఉండాలి. దాని మీద యూనివర్సిటీ క్రీడల డైరెక్టర్ స్థాయి అధికారి స్వయంగా సంతకం పెట్టాలి, కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సంతకం చెల్లదు. పేరు, ఇంటిపేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయించండి. డిగ్రీ అయిపోయి ఐదేళ్లకు దిద్దించాలంటే పాత రిజిస్టర్లు వెతికే నాథుడుండడు.

ఓరుగల్లు_రైడర్:
సరే అన్నా. ఎంఎస్‌కు అమెరికా పోయి అక్కడ ఆడితే?

హన్మకొండ_ట్రాక్:
స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ప్రకటనల డబ్బు మాత్రం ముట్టకు, అనుమతి లేని పని కింద లెక్కేస్తే స్టేటస్ పోతది. సంతకం పెట్టే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు.