సీతాఫలం టోపీ అల్లుతుంటే మధ్యలో ఊలు అయిపోయింది, ఏం చేయాలి?

మాది మహబూబ్‌నగర్. మా చెల్లెకు వచ్చే నెల కాన్పు, పాపో బాబో గానీ స్వెటర్లు అల్లగా మిగిలిన ఊలుతో సీతాఫలం టోపీ మొదలుపెట్టాను. 4 మి.మీ. సూదుల మీద 64 కుట్లు, చుట్టుకొలత 32 సెం.మీ. వచ్చింది. బొడిపెల కోసం ఒకే కుట్టులో ఐదు అల్లి మళ్లీ ఒకటి చేస్తున్నా, భలే ముద్దుగా ఉన్నాయి. సగంలో ఆకుపచ్చ ఊలు అయిపోయింది! ఇంకో ఉండ ఉంది గానీ సన్నం, రెండు పోగులు కలిపితే బిర్రుగా, ఒక్క పోగుతో అల్లితే జాలీలా వస్తోంది. సూది సైజు మారిస్తే కుదురుతుందా, లేక మొత్తం విప్పేయాలా? అమ్మేమో తొడిమ దగ్గర పూసలు కుట్టమంటోంది, ఊడితే పిల్ల నోట్లో పెట్టుకుంటుందేమోనని నాకు టెన్షన్. ఉత్త ఊలుతోనే తొడిమ నిలబడేలా ఎలా అల్లాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.